వేపాకు నీళ్లకు లొంగని వాసన

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మాది గూడూరు. పెళ్లయ్యాక చెన్నైలో వేళచ్చేరిలో ఉంటున్నాం. నాలుగు నెలలుగా పల్చగా, బూడిద రంగులో తెల్లబట్ట అవుతోంది. చేపల వాసన. బహిష్టు అయ్యాక, భర్తతో కలిసిన తరువాత మరీ ఎక్కువ. దురద లేదు. వేడి చేసిందని అత్తగారు సబ్జా నీళ్లు ఇస్తున్నారు. అమ్మేమో వేపాకు కషాయంతో లోపల కడుక్కోమంది. మాంబళంలో నాటు మందుల అంగడికి వెళ్లి, పడికారం అని అడిగి పటిక కూడా తెచ్చుకున్నాను. కడిగిన రోజు బాగుంటుంది, రెండు రోజులకు మళ్లీ మామూలే. పెరుగులో ముంచిన దూది గానీ, వెల్లుల్లి రెబ్బ గానీ లోపల పెట్టుకోవచ్చా?

జవాబు: రెండూ వద్దమ్మా. పెరుగు అన్నంలోకి, వెల్లుల్లి తాలింపులోకి.

మీరు రాసినదాన్ని బట్టి ఇది బాక్టీరియల్ వెజినోసిస్ కావచ్చు. వేడి వల్ల వచ్చేది కాదు, మురికి వల్ల అంతకన్నా కాదు. యోనిలో లాక్టోబాసిల్లస్ అనే సూక్ష్మజీవులు పులుపు పుట్టిస్తూ పీహెచ్‌ను 3.8, 4.5 మధ్య నిలబెడతాయి. పీహెచ్ అంటే పులుపు, క్షార గుణాల కొలత, పులుపు ఎక్కువైతే అంకె తగ్గుతుంది. అవి తగ్గితే గార్డ్‌నెరెల్లా వంటివి పెచ్చుమీరుతాయి. బహిష్టు రక్తానికీ వీర్యానికీ క్షార గుణం ఉంది కాబట్టి ఆ రోజుల్లో వాసన బయటపడుతుంది. వేపకు సూక్ష్మజీవులను చంపే గుణం ఉన్న మాట నిజమే, కానీ అది మంచివేవో చెడ్డవేవో అడిగి చంపదు. వాసన తిరిగి రావడంలో మీరు లోపల కడగడానిదీ పాలుంది.

పెరుగులోని బాక్టీరియా, యోనిలోనివి ఒకటి కావు. ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టాలవుతారా? ఇక వెల్లుల్లి. పట్టకారుతో రెబ్బలు బయటికి తీసిన దాన్ని నేను. ఒకామెకు లోపల కాలి పుండు పడింది.

గైనకాలజిస్టు దగ్గర పరీక్షకు పెద్దగా సమయం పట్టదు. స్రావాన్ని పీహెచ్ కాగితానికి తాకిస్తాం. గాజు పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే కాసిమేడు చేపల రేవు గదిలోకి నడిచొస్తుంది. మైక్రోస్కోపులో కణాల అంచులు ఇసుక అంటుకున్నట్టు గరుగ్గా కనబడతాయి. దురదతో, పెరుగు తరకల్లా అవుతుంటే అది ఫంగస్. దాని మందు వేరు. అందుకే మందుల షాపులో మీరే అడిగి కొనుక్కోకండి.

సాధారణంగా మెట్రోనిడజోల్ మాత్ర రోజుకు రెండుసార్లు, 7 రోజులు ఇస్తాం. నోరంతా ఇనుము నాకినట్టు ఉంటుంది. మూడో రోజుకే వాసన పోయిందని ఆపేయకండి. గర్భం అనుమానం ఉంటే ముందే చెప్పండి, ఈ సమస్యకూ నెలలు నిండని కాన్పులకూ సంబంధం ఉంది.

ఏడాదిలోపు తిరగబెట్టడం చాలామందిలో చూస్తాం. అప్పుడు మీ వారినీ వెంటబెట్టుకు వెళ్లండి. భర్తకు మందు అక్కరలేదని మేమూ ఏళ్ల తరబడి చెప్పాం. 2025లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధన ఆ మాట మార్పించింది. మగవారికీ మాత్రలు, పూత మందు ఇచ్చిన జంటల్లో 12 వారాల్లో 35 శాతం మందికే తిరగబెట్టింది, ఆడవారికి మాత్రమే ఇచ్చినప్పుడు 63 శాతం.

బయట మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు. అత్తగారి సబ్జా నీళ్లు మానకండి, చెన్నై ఎండకు హాయిగా ఉంటాయి. మిగిలిన పటిక మీ వారికి ఇవ్వండి, గడ్డం గీసుకున్నాక రాసుకుంటారు.