బీఆర్‌సీఏ2 ఉందని తేలింది.. ఇంట్లో చెప్పలేకపోతున్నా!

ప్రశ్న: నా వయసు 43. మా అక్కకు రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు జన్యు పరీక్ష చేసి బీఆర్‌సీఏ2 అనే జన్యువులో లోపం ఉందన్నారు. అది ఉంటే క్యాన్సర్ ముప్పు ఎక్కువట. నేనూ చేయించుకుంటే నాకూ ఉందని తేలింది. రిపోర్టు వచ్చి రెండు నెలలైంది. నా భార్యతో మాత్రం 'అంతా నార్మలే' అన్నాను. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. మాకు ఇద్దరు అమ్మాయిలు, 16, 12 ఏళ్లు. వాళ్లను చూస్తే తప్పు చేసినవాడిలా అనిపిస్తోంది. జబ్బే లేనప్పుడు ఇంతలా ఎందుకు కుంగిపోతున్నాను?

జవాబు: జబ్బు లేకపోయినా మీ బాధ నిజమైనదే. ఇలాంటి ఫలితం తెలిశాక మొదటి నెలల్లో చాలామందికి దిగులు, టెన్షన్ ఉంటాయి. ఎక్కువమందిలో ఏడాది తిరిగేసరికి తగ్గుతాయి. మగవాళ్లు ఆ బాధను ఏడ్చి తీర్చుకోవడం తక్కువ. కొందరు అయినదానికీ కానిదానికీ విసుక్కుంటారు, కొందరు పొద్దస్తమానం పనిలో పడిపోతారు, కొందరు తాగుడు పెంచుతారు. పైగా రొమ్ము క్యాన్సర్ అంటే ఆడవాళ్ల జబ్బనే మాట ఒకటి ఉంది కాబట్టి, చెప్పుకోవడానికే సిగ్గుపడతారు.

మీ అమ్మాయిల గురించి ముందు చెప్పాలి. ఈ లోపం మీకు మీ అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చి ఉంటుంది. వాళ్లను మీరు తప్పుపడుతున్నారా? మరి మిమ్మల్ని మీరెందుకు నిందించుకోవాలి! మీ పిల్లల్లో ఒక్కొక్కరికీ ఇది వచ్చే అవకాశం 50 శాతం, రాకపోయే అవకాశమూ అంతే. ఇప్పుడే వాళ్లకు పరీక్ష అక్కర్లేదు. 18 దాటాక, చేయించుకోవాలో వద్దో వాళ్లే నిర్ణయించుకుంటారు. మీకు ముందే తెలియడం వల్లే వాళ్లకు ఆ వెసులుబాటు దొరుకుతోంది.

బీఆర్‌సీఏ2 ఉన్న మగవాళ్లలో 80 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చేది నూటికి సుమారు 7 మందికే. ప్రొస్టేట్ (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్ ముప్పు అంతకంటే ఎక్కువ, చిన్న వయసులోనే రావచ్చు కూడా. అందుకే 40 నుంచే, ఆ క్యాన్సర్‌ను ముందుగా పసిగట్టడానికి చేసే పీఎస్ఏ రక్తపరీక్ష మొదలుపెట్టమంటాం. మీకు 43 కదా, వాయిదా వేయకండి. ఛాతీలో గడ్డ ఏమైనా ఉందేమో మీరే తడిమి చూసుకుంటూ, ఏడాదికోసారి డాక్టరుకు చూపించుకోండి. చేయాల్సిన పని ఇదీ అని తెలిస్తే భయం కొంత అదుపులోకి వస్తుంది.

ఇక మీ భార్యకు ఈ వారంలోనే చెప్పండి. దాచినందుకు ఆమె నొచ్చుకుంటారు, కోప్పడవచ్చు కూడా. 'భయపడ్డాను, అందుకే చెప్పలేదు' అనండి, చాలు. అక్కతోనూ మాట్లాడండి. తన పరీక్ష వల్లే తమ్ముడికి ఈ దిగులు పట్టుకుందని ఆమె లోలోపల నలిగిపోతూ ఉండొచ్చు.

రెండు నెలలుగా నిద్ర లేదంటున్నారు కాబట్టి మానసిక వైద్యుణ్ని కలవడం మంచిది. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే మాత్రం ఆ రోజే వెళ్లండి. జన్యు లోపాల గురించి వివరించి సలహా ఇచ్చే జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరికి మీ భార్యను కూడా తీసుకెళ్లండి. ఆమె అడిగే ప్రశ్నలు మీకు తట్టనివై ఉంటాయి.