పాటల సాఫ్ట్‌వేర్‌కి 75 వేలు పెట్టొచ్చా?

ప్రశ్న: నా వయసు 46. హనుమకొండలో ప్రైవేటు కాలేజీ లెక్చరర్‌ని. జీతం చేతికి 78,000 వస్తుంది. ఇంటి రుణం ఈఎంఐ 24,000. క్రెడిట్ కార్డులో 31,000 బాకీ ఉంది, మినిమం డ్యూ కడుతున్నాను. కర్ణాటక సంగీతం, పాత సినిమా పాటలు అంటే ప్రాణం. విండోస్ ల్యాప్‌టాప్‌లో 600 జీబీ దాకా పాటలున్నాయి, వాటిలో సగం 24 బిట్ ఫైళ్లే (సీడీలో ఉండే 16 బిట్ల కన్నా వివరంగా రికార్డు చేసినవి). నిరుడు మంచి యూఎస్‌బీ డాక్ (ఫైల్‌లోని అంకెల్ని శబ్దంగా మార్చే పెట్టె), స్పీకర్లు కొన్నాను. వినేది మాత్రం మామూలు ప్లేయర్‌లోనే. రూన్ అనే పాటల ప్లేయర్ సాఫ్ట్‌వేర్ జీవితకాల లైసెన్స్ తీసుకోమని మిత్రుడు పోరు పెడుతున్నాడు, 830 డాలర్లు. కార్డు మీద ఈఎంఐ పెట్టి కొనేయనా? నెలనెలా కట్టేకన్నా ఒకేసారి కొంటేనే లాభం కదా?

జవాబు: ఇప్పుడు కొనకండి. ముందు ఫూబార్2000 వేసుకుని రెండు నెలలు వినండి. 2002 నుంచీ ఉన్న ప్లేయర్ అది, పూర్తిగా ఉచితం. మీ డాక్‌కి, మీ ఫైళ్లకి కావలసిన పని అంతా చేస్తుంది. ఆ రెండు నెలల్లో కార్డు బాకీ సంగతి తేల్చండి.

బాకీ మాట ముందు ఎందుకంటే, మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది అదే. మినిమం డ్యూ కడుతూ పోతే మిగిలిన మొత్తం మీద చాలా కార్డులు నెలకు 3.5 శాతం చుట్టూ వడ్డీ వేస్తాయి. 31,000 మీద అది 1,085 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిస్తే 1,280. రూన్ నెల చందా 14.99 డాలర్లు. డాలరు 90 రూపాయలు అనుకుంటే 1,350. అంటే దాదాపు ఒక రూన్ చందా అంత డబ్బు ప్రతి నెలా వడ్డీకే పోతోంది. పైగా బాకీ ఉన్న కార్డు మీద కొత్తగా ఏది గీకినా ఆ రోజు నుంచే వడ్డీ మొదలు. వడ్డీ లేని గడువు మీకు వర్తించదు.

ఇక లైసెన్స్ లెక్క. 830 డాలర్లంటే సుమారు 74,700. విదేశీ చెల్లింపు కాబట్టి కార్డు వాళ్ల మార్కప్ 3.5 శాతం, దాని మీద జీఎస్టీ కలిపి మరో 3,000 పైచిలుకు. అంటే 77,800. విదేశీ డిజిటల్ సేవల మీద మన దేశంలో 18 శాతం జీఎస్టీ ఉంది. అది కూడా బిల్లులో పడితే 90 వేలు దాటుతుంది. బ్యాంకు ఒప్పుకుని 15 శాతం వడ్డీకి ఏడాది ఈఎంఐ ఇస్తే, 77,800 మీదే వడ్డీ 6,500 దాకా, ఆ వడ్డీ మీద జీఎస్టీ మరో 1,170 అవుతాయి. నెలకు 7,000 పైన కట్టాలి. ఇంటి ఈఎంఐతో కలిపితే జీతంలో నలభై శాతం ఈఎంఐలకే పోతుంది.

ఒకేసారి కొంటే లాభమా అన్నారు. రూన్ ఏడాది చందా సుమారు 150 డాలర్లు. మార్కప్‌తో కలిపి 14,000. పైపైన చూస్తే అయిదున్నరేళ్లలో లైసెన్స్ ధర రాబట్టుకున్నట్టే. కానీ ఆ 77,800 ఈలోగా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 6.5 శాతానికి పెరుగుతుంది కదా. దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే ఆరున్నరేళ్లు పడుతుంది. అన్నేళ్లు మీరు అదే సాఫ్ట్‌వేర్ వాడాలి, ఆ సేవ నడుస్తూ ఉండాలి. జీవితకాలం అనే మాటకి అర్థం ఆ సేవ నడిచినంత కాలం అనే. 2015లో మొదలైన రూన్‌ని 2023లో హర్మాన్ కొన్నది. హర్మాన్ శాంసంగ్ చేతిలో ఉంది. వెనక పెద్ద కంపెనీ ఉండడం మంచిదే. అయినా పదేళ్ల తర్వాత యజమాని మనసు ఎలా ఉంటుందో లెక్కగట్టి ముందే 78 వేలు ఇచ్చేయడం మీ పరిస్థితిలో తగదు.

డబ్బు మాట అలా ఉంచి, వినికిడి దగ్గరికి వద్దాం. ఎందుకంటే మీరు కొనాలనుకుంటున్నది మంచి శబ్దాన్ని. మంచి ప్లేయర్లన్నీ చేసే పని ఒకటే: ఫైల్‌లో ఉన్న అంకెల్ని మార్చకుండా డాక్‌కి అందించడం. విండోస్ మామూలుగా అన్ని శబ్దాలనూ కలిపి, సెట్టింగ్స్‌లో ఉన్న ఒకే శాంప్లింగ్ రేటుకి (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలిచారన్న లెక్కకి) మార్చి పంపిస్తుంది. మీ డాక్ మీద శాంప్లింగ్ రేటు చూపే అంకెలో, రంగు లైటో ఉంటే ఈ రాత్రే చూడండి. 96 కిలోహెర్ట్జ్ ఫైల్ పెట్టినప్పుడు డాక్ 48 అని చూపిస్తోందా? అయితే మధ్యలో విండోస్ మారుస్తోందన్నమాట. ఫూబార్‌లో ప్రిఫరెన్సెస్, ప్లేబ్యాక్, ఔట్‌పుట్‌లోకి వెళ్లి మీ డాక్ పేరు పక్కన ఎక్స్‌క్లూజివ్ అని ఉన్నది ఎంచుకోండి. మళ్లీ అదే ఫైల్ పెట్టండి. 96 కనిపించాలి. 44.1 ఫైల్ పెడితే 44.1కి మారాలి. అలా మారితే, 830 డాలర్ల ప్లేయర్ పంపే అంకెలే మీ డాక్‌కి ఉచితంగా చేరుతున్నాయి.

24 బిట్ ఫైళ్ల తేడా అసలు వినిపిస్తుందా అన్నది వేరే ప్రశ్న. 2007లో మేయర్, మోరన్ చేసిన పరీక్షలో హై రిజల్యూషన్ సంగీతాన్ని సీడీ స్థాయికి దించినా శ్రోతలు పట్టుకోలేకపోయారు. 2016లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీకి చెందిన జాషువా రైస్ 18 ప్రయోగాల ఫలితాలన్నీ కలిపి చూస్తే సరైన జవాబులు 52.3 శాతం. ఊరికే ఊహించినా 50 వస్తాయి. శిక్షణ ఉన్న చెవులకు 60 శాతం దాకా వచ్చింది. తేడా ఉంది, చాలా సన్నగా ఉంది. మీ చెవికి ఎంత అందుతుందో తెలుసుకోవడానికి ఫూబార్‌కి విడిగా చేర్చుకునే ఏబీఎక్స్ కంపారేటర్ అనే ఉచిత భాగం ఉంది. 24 బిట్ ఫైల్ నుంచే 16 బిట్, 44.1 ఫైల్ ఒకటి తయారు చేసుకుని, ఏది ఏదో తెలియకుండా రెండూ విని చెప్పాలి. ఒకే పాట తీసుకోండి, మీకు బాగా తెలిసింది. వచ్చిన ఫలితం కాగితం మీద రాసుకోండి.

పాత సినిమా పాటల విషయంలో ఇంకో జాగ్రత్త. ఘంటసాల గారు 1974లోనే వెళ్లిపోయారు. ఆయన పాటలన్నీ టేపుల మీద, రికార్డుల మీద ఉన్నవే. ఆ టేపుల హిస్ (వెనక వినిపించే సన్నని బుస) సీడీ 16 బిట్లలోనే పూర్తిగా ఇమిడిపోతుంది. 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ అని పేరు పెట్టినంత మాత్రాన లేని శబ్దం పుట్టదు. శబ్దం ఎన్ని కిలోహెర్ట్జ్ దాకా ఉందో బొమ్మగా చూపే స్పెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ వేసి చూడండి. 96 కిలోహెర్ట్జ్ ఫైల్‌లో 22 పైన అంతా నల్లగా ఉంటే, అది చాలావరకు సీడీని సాగదీసిందే. 16 దగ్గరే కత్తిరించినట్టు ఉంటే ఎంపీ3ని ఫ్లాక్‌గా (నాణ్యత తగ్గని ఫైల్‌గా) మార్చి అంటగట్టి ఉండొచ్చు. అలాంటివి మీ 600 జీబీలో కొన్నైనా ఉంటాయి. ఇకముందు ఫైళ్లు కొనేటప్పుడు కూడా ఈ పరీక్ష మీ డబ్బు కాపాడుతుంది.

రూన్‌ని తీసిపారేయడం లేదు. దాని ప్రాణం శబ్దంలో కన్నా లైబ్రరీలో ఉంది: కళాకారుల వివరాలు, ఆల్బమ్‌ల మధ్య లింకులు, ఇంట్లో నాలుగు గదుల్లో ఒకేసారి పాట, టైడల్, కోబజ్ లాంటి స్ట్రీమింగ్‌ని మన ఫైళ్లతో కలపడం. మీ ఉత్తరంలో ఆ స్ట్రీమింగ్ ఖాతాల ఊసు లేదు, ఉన్న స్పీకర్ల జత ఒకటే. కర్ణాటక సంగీతానికి మీకు కావలసింది రాగం, తాళం, వాగ్గేయకారుడి పేరుతో వెతుక్కునే వీలు. ఫూబార్‌లో పాట మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో RAGAM అని ఇంగ్లిష్ పేరుతో ఒక ఫీల్డ్ చేర్చి, అందులో రాగాల పేర్లు తెలుగులోనే రాసుకోవచ్చు. కల్యాణి అని కొడితే మీ కల్యాణి కృతులన్నీ ఒక్కచోట వస్తాయి. వందల ఫైళ్లకు ఈ పని చేయడం ఓపికతో కూడింది, వేసవి సెలవులు పడుతుంది. కానీ ఎంత చందా కట్టినా ఇంత మీకు నచ్చినట్టు అమరదు.

ఫూబార్ ముఖం నచ్చకపోతే మ్యూజిక్‌బీ చూడండి, అదీ ఉచితమే. డబ్బు పెట్టి తీరాలనిపిస్తే జేరివర్ మీడియా సెంటర్ ఉంది. రూన్ జీవితకాల ధరలో పదో వంతుకు అటూ ఇటూగా ఒకసారి కడితే చాలు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు అప్‌గ్రేడ్ ఫీజు కట్టకపోయినా పాతది పనిచేస్తూనే ఉంటుంది. నెల రోజులు ఉచితంగా వాడి చూడనిస్తారు.

మీరు అడగని ఖర్చు ఒకటి ఉంది. 600 జీబీ ఒక్క ల్యాప్‌టాప్‌లోనే ఉందన్నమాట నాకు టెన్షన్ పెట్టింది. ఆ డిస్క్ పోతే ఏ లైసెన్సూ పాటల్ని తిరిగి ఇవ్వదు. 2 టీబీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఆ లైసెన్స్ ధరలో చిన్న భాగానికే వస్తుంది. కార్డు మీద కాకుండా జీతం డబ్బుతో కొని, నెలకోసారి కాపీ చేసి బీరువాలో పెట్టండి. మీ పాటల కోసం ఈ ఏడాది ఒకే ఒక్క ఖర్చు పెట్టమంటే నేను చెప్పేది ఇదే.

వరస ఇలా పెట్టుకోండి. కార్డు బాకీ రెండు, మూడు నెలల్లో పూర్తిగా కట్టేయండి. కుదరకపోతే తక్కువ వడ్డీ పర్సనల్ లోన్‌కి మార్చుకోండి, కార్డు మాత్రం వాడకండి. తర్వాత డ్రైవ్. ఆ తర్వాత ఆరు నెలల ఖర్చులకు సరిపడా అత్యవసర నిధి మొదలుపెట్టండి. అది సగం దాకా వచ్చాక కూడా రూన్ మీద మనసు ఉంటే, దాని 14 రోజుల ఉచిత గడువులో మీ ఫైళ్లతోనే వాడి చూడండి. నచ్చితే నెల చందాతో మూడు నెలలు నడపండి. మూడో నెలలో వారానికి ఎన్నిసార్లు తెరిచారో చూసుకోండి. అప్పటికీ రోజూ వాడుతూంటే బ్యాంకులో నెలకు 5,000 రికరింగ్ డిపాజిట్ వేయండి. పదహారు నెలల్లో 80,000 పైగా జమవుతుంది. లైసెన్స్ ఆ డబ్బుతో కొనుక్కోండి.