కెమెరా కంటే ముందు బైనాక్యులర్స్ కొనివ్వండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. నీట్ రాయనంటోంది. అడవి జంతువుల మీద డాక్యుమెంటరీలు తీస్తుందట. లక్ష రూపాయల కెమెరా అడుగుతోంది. ఇందులో భవిష్యత్తు ఉంటుందా?
- ఒక తండ్రి, సూళ్లూరుపేట

జవాబు: కెమెరా ఇప్పుడే వద్దండీ. అమ్మాయి కోరికను మాత్రం కాదనకండి. ఈ పనికి చాలా విలువ ఉంది. గుజరాత్ తీరంలో తిమింగలం సొరల వేటను డాక్యుమెంటరీ దర్శకుడు మైక్ పాండే చిత్రీకరించి చూపించాకే, 2001లో ఆ చేపకు చట్టరక్షణ వచ్చింది. కాకపోతే మొదట్లో నెల జీతం ఉండదు. చాలామంది అసిస్టెంట్లుగా చేరి, స్వచ్ఛంద సంస్థలకు చిన్న ఫిల్ములు తీసిపెడుతూ నిలదొక్కుకుంటారు. ఆ కొన్నేళ్లు ఇంటి నుంచి ఎంత ఆసరా ఇవ్వగలరో ఇద్దరూ కూర్చుని ముందే మాట్లాడుకోండి.

జంతువు ఎప్పుడు తింటుందో, ఏ అలికిడికి బెదురుతుందో డైరెక్టరుకు తెలియకపోతే ఎంత ఖరీదైన లెన్సున్నా లాభం లేదు. 2023లో ఆస్కార్ అందుకున్న కార్తికి గొన్సాల్వెస్ డాక్యుమెంటరీ ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ నిడివి సుమారు 40 నిమిషాలే. దాని వెనక తమిళనాడులోని ముదుమలై అడవిలో దాదాపు ఐదేళ్ల పని ఉంది.

మీ పక్కనే నేలపట్టు పక్షుల అభయారణ్యం ఉంది కదా! చలికాలంలో గూడబాతులు (పెలికాన్లు) అక్కడి చెరువు నీళ్లలో నిలబడిన కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. పిల్ల తన తలను తల్లి గొంతు సంచిలోకి దూర్చి మరీ చేపలు తింటుంది. మంచి బైనాక్యులర్స్ కొనిచ్చి, ఒకే గూటిని సీజనంతా చూసి, తేదీలు వేసి నోటుబుక్కులో రాయమనండి. పక్షుల రెట్ట కలిసిన ఆ నీళ్లు పొలానికి బలమని రైతులు చెబుతారు. వాళ్ల మాటలు రికార్డు చేయడానికి ఇప్పుడున్న ఫోను చాలు. తొలి ఫిల్ముకు కావాల్సిన కథ అక్కడే ఉంది.

చదువు విషయానికొస్తే, సైన్సు వదలొద్దని గట్టిగా చెబుతాను. జువాలజీతో బీఎస్సీ చేశాక సినిమా తీయడం నేర్పే పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐలకు ఎంట్రన్స్ రాయొచ్చు. పరిశోధన మీద మనసైతే డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎమ్మెస్సీ ఉంది.

నిర్మాత కావాలంటే డబ్బు సమకూర్చడం, అనుమతులు తేవడం కూడా నేర్చుకోవాలి. అభయారణ్యంలో షూటింగుకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి తప్పనిసరి. మీ ఊళ్లోనే అటవీ శాఖ వన్యప్రాణి విభాగం ఆఫీసుంది. అమ్మాయిని వెంటబెట్టుకెళ్లి, దరఖాస్తు ఎలా పెట్టాలో తననే అడగనివ్వండి.