బొమ్మల క్లాసు పెట్టబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

మీ అపార్ట్‌మెంట్ సెల్లార్లో చుట్టుపక్కలవాళ్లకు బొమ్మలు వేయడం నేర్పే క్లాసు పెడతానన్నావని మీ అమ్మ చెప్పింది. పెట్టు, కానీ ఆదివారం మాత్రం వద్దు. తిరుపతిలో ఇల్లున్నవాళ్లకు శని, ఆదివారాలు వాళ్ల చేతిలో ఉండవు. దర్శనానికొచ్చే చుట్టాలు, వాళ్లకు టిఫిన్లు, అలిపిరి దాకా దిగబెట్టి రావడాలు. బుధవారం మధ్యాహ్నం మూడున్నరకు పెట్టుకో. రెండు వారాలు రానివాళ్లను ఎందుకు రాలేదని అడక్కు. అడిగితే ఇక మొహం చాటేస్తారు.

వచ్చేవాళ్లలో సగంమంది "నాకు గీత కూడా తిన్నగా రాదు" అంటూనే వస్తారు. వాళ్లకు పెన్సిలు, తెల్లకాగితం ఇచ్చావనుకో, చిన్నప్పటి డ్రాయింగ్ మాస్టారు గుర్తొస్తాడు. (నేనూ డ్రాయింగ్ మాస్టార్నే కాబట్టి అనొచ్చు.) పక్కన ఇంజనీరింగ్ కుర్రాడు చకచకా గీసేస్తుంటే అరవై దాటినావిడ చెయ్యి బిగుసుకుపోతుంది. అందుకే కలంకారీ కలంతో, అదే గుడ్డ మీద బొమ్మలు వేసే కలంతో, మొదలుపెట్టు. చెక్కిన వెదురుపుల్లకు ఉన్ని చుట్టి దారంతో కట్టిన ఆ కలం కొత్తలో ఎవరి మాటా వినదు. వేళ్లతో ఉన్నిని నొక్కితే రంగు దిగుతుంది, కాస్త ఎక్కువ నొక్కితే మరక. దాని ముందు కుర్రాడూ ఆవిడా ఒకటే. చెప్పాలంటే, ధనుర్మాసమంతా వాకిట్లో ముగ్గులు పెట్టిన చెయ్యే ముందు దారిలో పడుతుంది.

గుడ్డ విషయంలో తొందరపడొద్దు. కోరా నూలు గుడ్డ తెచ్చి గంజి పోయేదాకా ఉతుకు. కరక్కాయ పొడి మూలికల అంగడిలో దొరుకుతుంది. దాన్ని గేదెపాలల్లో కలిపి, గుడ్డను ముంచి, పిండి, ఎండలో ఆరబెట్టాలి. వెన్న తీసిన ప్యాకెట్ పాలతో సరిపెట్టకు. పాలల్లో కొవ్వు ఉంటేనే గీత పక్కకు పాకదు. వాసనొస్తుంది, కింది ఫ్లాటువాళ్లు ఏదో ఒకటి అంటారు, ముందే చెప్పిపెట్టు.

నలుపుకు కసిమి. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి వారాల తరబడి పులియబెడితే వస్తుంది. దాంతో గీసినప్పుడు గీత పల్చగా, ఉందా లేదా అన్నట్టుంటుంది. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి, చూస్తుండగానే నల్లబడుతుంది. అది చూసిన మనిషి వచ్చే వారం కూడా వస్తుంది. ఎరుపు, పసుపు జోలికి నువ్వు పోవద్దు. పటిక, ఉడకబెట్టడం, పారే నీళ్లలో జాడించడం, ఇదంతా ట్యాంకరు నీళ్ల అపార్ట్‌మెంటులో అయ్యే పని కాదు.

ఇక అసలు చెప్పాల్సింది. మొదటిరోజే అందరూ వెంకన్నస్వామి బొమ్మ వేస్తామంటారు. వద్దని మెల్లగా చెప్పు. అది పాడైతే పారేయలేరు, మసిగుడ్డగా వాడుకోలేరు, ఇంట్లో పెట్టుకోవడానికి మనసొప్పదు. అపచారం చేశామన్న బెంగతో మళ్లీ రారు. ఆకులు, తీగలు, చిలకలు, మామిడిపిందెల అంచులు వేయించు. తప్పు పోయినా ఎవరికీ దోషం లేదు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందు లేతగా గీసుకోమను, దులిపితే పోతుంది కాబట్టి టెన్షన్ ఉండదు.

ఒకరి గుడ్డ మీద ఇంకొకరు కలం పెట్టకూడదు. నువ్వు కూడా. దిద్దాలనిపిస్తే నీ పక్కన చిన్న పీలిక పెట్టుకుని దానిమీద చూపించు. నువ్వు దిద్దిన చిలక ఎంత బాగున్నా ఆవిడకది నీ చిలకే. పిల్లల్ని వేరేగా కూర్చోబెట్టు, "ఇది ఏనుగా, పందా?" అనేది వాళ్లే. పెద్దవాళ్లకు బల్లలు, కుర్చీలు చూడు, చాప మీద గంటసేపు మోకాళ్లు ఒప్పుకోవు.

డబ్బు కొంచెమైనా తీసుకో. పూర్తిగా ఉచితమంటే మన ఊళ్లో ఏదో అమ్మడానికొచ్చారనుకుంటారు.

ఒక నెల గడిచాక అందర్నీ శ్రీకాళహస్తి తీసుకెళ్లు, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. 1950ల్లో, కలంకారీ విద్య దాదాపు కనుమరుగవుతున్న రోజుల్లో, హస్తకళల్ని నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు. అంటే దాన్ని నిలబెట్టిందీ ఒక క్లాసే. జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది ఈ పనికే. అక్కడ పనిచేసేవాళ్ల దగ్గర కూర్చుని చూస్తే నీకంటే వాళ్లే బాగా నేర్పుతారు.

మొదటి నెలకు సరిపడా కసిమి నా దగ్గరుంది. వచ్చేటప్పుడు గాజు సీసా తెచ్చుకో, స్టీలు డబ్బా వద్దు. ఇంకా పొంగుతూనే ఉంది, మూత బిగించి బస్సెక్కావంటే చీర మీద పోసుకుంటావు.

మీ పెదనాన్న