ఉల్లిపాయలు తరుగుతూ చూసిన 1985 షో

"పాత సీజన్లలో ఎవరూ పెద్దగా తలుచుకోని డ్రమ్ కోర్ షోలు ఏవి? ఇప్పుడు చూసినా బాగుండేవి చెప్పండి" అని అడిగారు.

డ్రమ్ కోర్ అంటే ఇత్తడి వాద్యాలూ డ్రమ్ములూ వాయిస్తూ, మైదానంలో ఆకారాలు కడుతూ నడిచే కుర్రకారు బృందం; వేసవంతా ఊరూరా తిరిగి పోటీ పడతారు. నేను వాయించే మనిషిని కాదు. మా అమ్మాయి మెలోఫోన్ అనే ఇత్తడి వాద్యం వాయిస్తుంది. 2022, 2023 వేసవుల్లో ఒక కోర్‌తో అమెరికా అంతా బస్సులో తిరిగింది. సెలవు దొరికినప్పుడల్లా నేను ఆ కోర్ వంట ట్రక్కులో పనిచేశాను. కాబట్టి ఇది రోజుకి నాలుగు పూటలు రెండొందల మందికి వండిపెట్టిన తల్లి జవాబు. అలాగే చదువుకోండి.

ఒకటి ముందే తీసి పక్కన పెట్టేస్తాను. స్టార్ ఆఫ్ ఇండియానా అనే కోర్ 1993 షో. ఈ ప్రశ్న ఎవరడిగినా మొదటి పేరు అదే వస్తుంది. బార్బర్, బార్టోక్‌ల సంగీతం, ఒంటి మీద అలంకారాల్లేని దుస్తులు, గీసినట్టుండే నడకలు. ఆ ఏడు కెడెట్స్ అనే కోర్ చేతిలో పాయింట్‌లో పదో వంతు తేడాతో ఓడిపోయారు. అర్థం కాక ఆ రోజుల్లో మొహం చిట్లించినవాళ్లున్నారు గానీ, ఇప్పుడు దానికి గుడి ఒక్కటే కట్టలేదు. అంత పూజ జరుగుతున్నదాన్ని మరుగున పడిందంటే ఎలా?

నా ఓటు సన్‌కోస్ట్ సౌండ్ వాళ్ల 1985 షోకి. ఫ్లోరిడాలోని క్లియర్‌వాటర్ పిల్లలు.

2023 జూలైలో, ఒహాయోలో ఏదో హైస్కూల్ పార్కింగ్ స్థలంలో ఉన్నాం. ఉరుములు మొదలయ్యేసరికి షో ఆపేశారు. పిల్లలంతా బస్సుల్లో కూర్చున్నారు, యూనిఫాం సగం వేసుకుని, సగం విప్పుకుని. షో అయ్యాక పెట్టే నాలుగో పూట కోసం నేనూ, ట్రక్కు నడిపే పెద్దాయనా ఉల్లిపాయలు తరుగుతున్నాం. అరవై దాటిన మనిషి. కుర్రవాడిగా ఉన్నప్పుడు ఆయనా ఏదో కోర్‌లో డ్రమ్ వాయించాడట. మాటల్లో "నీకు ఇష్టమైన షో ఏది?" అన్నాడు. నేను టక్కున బ్లూ డెవిల్స్ 2022 "టెంపస్ బ్లూ" అన్నాను. అప్పటికి నేను మొత్తం చూసినవే ఐదో ఆరో. చిన్నపిల్ల తనకి తెలిసిన ఒక్క పాటా పాడితే పెద్దవాళ్లు నవ్వుతారు చూడండి, అలా నవ్వాడు.

చెయ్యి ఏప్రన్‌కి తుడుచుకుని, టమాటా డబ్బాకి ఫోన్ ఆనించి వీడియో పెట్టాడు. మసక బొమ్మ, గరగరమనే శబ్దం. పైన రేకు మీద వాన. రెండు నిమిషాలు విని "ఇది ఏ పాట?" అన్నాను. "నీకు తెలిసిన పాట ఇందులో ఒక్కటీ రాదు" అన్నాడు.

అసలు సంగతి అదేనట. ఆ రోజుల్లో కోర్‌లు జనానికి తెలిసిన జాజ్, సింఫనీ, నాటకాల పాటలు తీసుకుని మైదానానికి తగ్గట్టు మలుచుకునేవి. వీళ్లు మాత్రం మొదటి నుంచి చివరి దాకా తమ కోసమే కొత్తగా రాయించుకున్న సంగీతం వాయించారు. పేరు "ఫ్లోరిడా సూట్", రాసింది రాబర్ట్ డబ్ల్యూ. స్మిత్. చేతిలో ఉన్నవేమో జీ శ్రుతి బ్యూగల్స్ అనే బాకాలు, స్వరం మార్చే మీటలు, అంటే వాల్వులు, రెండే. మూడో వాల్వు 1990 దాకా రానేలేదు. రెండు వాల్వులతో కొన్ని స్వరాలు పలకనే పలకవు. ఉన్న స్వరాలతోనే రాయాలి. మైకుల్లేవు, సింథసైజర్లు లేవు. స్టేడియం పైవరసకి వినబడాలంటే ఊపిరి ఒక్కటే దిక్కు.

మొదటిసారి నాకేమీ ఎక్కలేదు. వాన తగ్గలేదు కాబట్టి మళ్లీ పెట్టాడు. మూడోసారికి కత్తి పక్కన పెట్టి చూస్తున్నాను. తెలిసిన పాట వస్తే మన చెవి ముందే పరిగెత్తి తర్వాతి చరణం దగ్గర కాచుకుని కూర్చుంటుంది. ఇక్కడ ఆ సదుపాయం లేదు. పిల్లలు ఎటు నడుస్తారో చూడాలి, వాళ్ల వెనకే వినాలి. "అప్పట్లో మాక్కూడా నీలాగే అయింది, కానీ మాకు మళ్లీ పెట్టి చూపించేవాళ్లు లేరు" అన్నాడాయన. ఆ రాత్రి షో మళ్లీ మొదలవలేదు, రద్దు చేశారు. ఉల్లిపాయలు మాత్రం అయిపోయాయి.

ఇంకో తమాషా. రాబర్ట్ డబ్ల్యూ. స్మిత్ పేరు ఎక్కడో విన్నట్టుందే అనుకుంటూ మా అమ్మాయిని అడిగితే, "అమ్మా, ఏడో క్లాసులో మా బ్యాండ్ 'ది టెంపెస్ట్' వాయించింది కదా, ఆయనే" అంది. రెండు నెలలపాటు మా ఇంట్లో గోడలు కూడా నేర్చుకున్న ముక్క అది! అమెరికాలో స్కూల్ బ్యాండ్‌లో చదివిన మన పిల్లల్లో చాలామంది ఆయన రాసింది ఏదో ఒకటి వాయించే ఉంటారు. ఆ సెప్టెంబర్‌లోనే ఆయన పోయారు.

రెండోది, బ్లూ స్టార్స్ 2008, విస్కాన్సిన్‌లోని లా క్రాస్ వాళ్లు. 2008 అనగానే అందరూ ఫాంటమ్ రెజిమెంట్ "స్పార్టకస్" అంటారు. నిజమే, గొప్పదే. 98.125కి 98.100, వీసమెత్తు తేడాతో బ్లూ డెవిల్స్ మీద గెలిచింది. కానీ అదే రాత్రి, ఆ ఫైనల్స్ జరిగిన బ్లూమింగ్టన్‌లో ఎనిమిదో స్థానంలో ఉన్నవాళ్ల సంగతి? 1972లో జరిగిన మొట్టమొదటి డీసీఐ (ఈ పోటీలు నడిపే సంస్థ) ఛాంపియన్‌షిప్‌లో రెండోస్థానం బ్లూ స్టార్స్‌దే. తర్వాత చితికిపోయి, చిన్న విభాగంలో ఆడుకుంటూ, 1979 తర్వాత మళ్లీ ఫైనల్స్ మొహం చూసింది ఈ 2008లోనే. టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం మీద షో. ఇరవై తొమ్మిదేళ్ల ఆకలితో వచ్చిన కోర్ పందెం మీద షో చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. స్పార్టకస్ కోసం వెతికినప్పుడు ఇదీ ఒకసారి చూడండి, పదకొండు నిమిషాల పని.

ఈ పాయింట్ల గోల గురించి ఒక మాట అనకుండా ఉండలేను. 0.025 తేడాతో ఎవరు బాగా చేశారో తేల్చేస్తారట! బంగారం తూచే త్రాసుకి కూడా అంత నమ్మకం ఉండదు. ఇక టాప్ పన్నెండులోకి రాకపోతే శనివారం రాత్రి ఫైనల్స్ లేదు. పదమూడో స్థానం వాళ్ల వేసవి శుక్రవారం సెమీఫైనల్స్‌తోనే సరి. మా అమ్మాయి కోర్‌కి అదే జరిగింది, అందుకే ఈ మంట అనుకోండి. వేల డాలర్ల ఫీజు కట్టి, జిమ్ నేల మీద పడుకుని, ఎండలో పన్నెండు గంటలు సాధన చేసిన పిల్లలు శనివారం టికెట్ కొనుక్కుని పైవరసలో కూర్చున్నారు.

పైగా మనవాళ్ల ప్రశ్నలు. "పెళ్లి బ్యాండా అమ్మా?" అని మా పిన్ని. పెళ్లి బ్యాండే అయితే ఏం, మా ఊళ్లో క్లారినెట్ వాయించే ఆయన ఊరేగింపు పొడుగునా ఆపకుండా వాయించేవాడు, ఆయన్ని తీసుకొచ్చి ఇక్కడ నిలబెడితే తెలిసేది! డాలస్‌లో ఉన్న మా మరిదిగారైతే "కాలేజీ అడ్మిషన్‌కి పనికొస్తుందా వదినా?" అన్నారు. పనికిరాదు. నాలుగు పూటలా తినడానికి పనికొస్తుంది.

మూడోది త్వరగా చెప్పేస్తాను. మాండరిన్స్ 2018. శాక్రమెంటోలోని చైనీస్ కుటుంబాలు 1963లో తమ పిల్లల కోసం పెట్టుకున్న కోర్. యాభై అయిదేళ్లకి మొదటిసారి ఫైనల్స్‌కి వచ్చింది. వలస వచ్చిన తల్లిదండ్రులు ఆ వీడియో చూస్తే కాస్త గొంతు పట్టుకుంటుంది, నాకు పట్టుకుంది. నవ్వు కావాలంటే ఎనభైల నాటి వెల్వెట్ నైట్స్‌ని వెతకండి. ఎర్ర కాన్వాస్ బూట్లు వేసుకుని వచ్చేవాళ్లు, మైదానంలో సొరచేప కూడా ఉండేది. ఇప్పటి షోల్లో ఆ వెటకారం ఏది? మైకులో ఒకరు గంభీరంగా ఏదో చదువుతుంటారు, జీవితమూ కాలమూ అంటూ. 2004లో మైకులు ఒప్పుకున్నప్పుడే కొంప మునిగిందని మా ట్రక్కు పెద్దాయన అంటాడు. నేను పూర్తిగా ఒప్పుకోను గానీ, సగం ఒప్పుకుంటాను.

ఒకటి రెండు చిట్కాలు. దగ్గర నుంచి తీసిన వీడియో కాదు, పైనుంచి తీసినది చూడండి. లేకపోతే ఆకారాలు కనబడవు, ముక్కులూ చెమటలూ కనబడతాయి. కొన్ని పాత షోల వీడియోల్లో హక్కుల తగాదాల వల్ల మధ్యలో శబ్దం పోతుంది, మీ స్పీకర్‌ని తిట్టకండి.

మా అమ్మాయి ఇప్పుడు వాయించడం తగ్గించింది, చదువు. ఆ పెద్దాయన మాత్రం నాకు ఇప్పటికీ పాత షోలు పంపుతూనే ఉంటాడు. పోయిన వారం బ్రిడ్జ్‌మెన్ వాళ్లది పంపాడు, పసుపు రంగు పొడుగు కోట్లు వేసుకుని న్యూజెర్సీ నుంచి వచ్చేవాళ్లు. ఇంకా చూడలేదు. ఆదివారం చుట్టాలొస్తున్నారు, ఎలాగూ కిలోన్నర ఉల్లిపాయలు తరగాలి, అప్పుడు పెట్టుకుంటాను.