జవాను జవాబులు: జనరల్ కృష్ణారావు గారి సంగతి

ప్రశ్న: మా అబ్బాయి జీకే పుస్తకంలో 'ఆర్మీ చీఫ్ అయిన తెలుగువారు: జనరల్ కె.వి. కృష్ణారావు' అని ఒక్క ముక్క ఉంది. అంతకు మించి ఆయన గురించి ఎవరూ చెప్పరు. మీరు ఫౌజులో చేసినవారు కదా, కాస్త వివరంగా చెప్పండి.
– ఒక గృహిణి, తాడేపల్లిగూడెం

జవాబు: చెబుతానమ్మా. అంత మనిషిని ఒక్క ముక్కతో సరిపెట్టేశారంటే నాకూ బాధగానే ఉంటుంది. పూర్తి పేరు కోటికలపూడి వెంకట కృష్ణారావు. 1923 జులైలో పుట్టారు. పందొమ్మిదేళ్లకే, 1942లో, మహార్ రెజిమెంటులో ఆఫీసరయ్యారు. అంబేద్కర్ గారి లాంటివారు గట్టిగా అడగబట్టి అంతకు ముందు ఏడాదే ఏర్పడిన రెజిమెంటు అది. 1981 జూన్ నుంచి 1983 జులై దాకా ఆర్మీ చీఫ్‌గా ఉన్నారు. పదవుల పట్టిక ఇక్కడితో ఆపి, పని సంగతికి వస్తాను.

1971 యుద్ధంలో ఆయన మేజర్ జనరల్. చేతిలో 8 మౌంటెన్ డివిజన్. అప్పటిదాకా నాగాలాండ్, మణిపూర్ కొండల్లో తిరుగుబాటుదార్లతో తలపడుతున్న దళం. దాన్ని టీతోటల మీదుగా ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ వైపు నడిపించారు. డిసెంబరు 7న గూర్ఖా పటాలం ఒకటి హెలికాప్టర్లలో సిల్హెట్ అంచున దిగింది. మన సైన్యం యుద్ధంలో అలా దిగడం అదే మొదటిసారి. అంతకు ముందు పోరాటాల్లోనే నలిగి, మనుషులు తగ్గిపోయిన పటాలం అది. దిగినవాళ్లు ఒక బ్రిగేడ్, అంటే దాదాపు మూడు పటాలాలు, అని బీబీసీ రేడియో పొరపాటుగా చెప్పింది. పాకిస్తాన్ వాళ్లు అదే నిజమనుకున్నారు. ఆ గూర్ఖాలు రోజుల తరబడి తిండికీ తూటాలకూ కటకటలాడుతూ పట్టు వదల్లేదు. చివరికి అక్కడ లొంగిపోయినవి రెండు పాకిస్తాన్ బ్రిగేడ్లు. మొత్తం ఎత్తుగడ పై అధికారి, కోర్ కమాండర్ సగత్ సింగ్ గారిది, ఆ ఘనత ఆయనకు ఇవ్వాల్సిందే. కానీ నేల మీద డివిజన్‌ను నడిపి పని పూర్తి చేసింది కృష్ణారావు గారు.

అయితే నన్నడిగితే ఆయన చేసిన అసలు పెద్ద పని తుపాకీతో కాదు, కాగితం మీద. రాబోయే పాతికేళ్లలో మన సైన్యం ఎలా ఉండాలో తేల్చమని 1975లో ఒక కమిటీ వేశారు. దానికి పెద్ద ఈయనే. తర్వాత చీఫ్ అయిన సుందర్‌జీ అందులో సభ్యుడు. ఆయనదీ మహార్ రెజిమెంటే. ట్యాంకులు ముందుకు దూసుకుపోతుంటే కాలిబంట్లు లారీల్లో వెనకబడిపోకూడదు, వాళ్లకూ ఉక్కు బండ్లు కావాలి అన్న ఆలోచన ఆ కమిటీతో బలపడింది. 1979లో మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్, అంటే ఉక్కు బండ్లలో కదిలే కాలిబంట్ల రెజిమెంటు, పుట్టింది.

నేను ఈఎంఈ, అంటే సైన్యం బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగంలో మెకానిక్‌ని. సికింద్రాబాద్ తిరుమలగిరిలో పని నేర్చుకుని, సర్వీసులో ఎక్కువ భాగం ఆ ఉక్కు బండ్ల కిందే గడిపాను, వాటిని బీఎంపీ అంటారు. బండి వెనక రెండు తలుపులుంటాయి, జవాన్లు దిగేది వాటిలోంచే. ఆ తలుపులే డీజిల్ ట్యాంకులు కూడా! సీలు కాస్త వదులైతే చాలు, లోపల కూర్చున్నవాళ్లకు ఊపిరాడదు. అయినా నీళ్లలోకి దిగితే పడవలా తేలి అవతలి ఒడ్డెక్కేది. ఆ బండ్లనే 1984లో పెట్టిన మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో, మన ఎద్దుమైలారంలో, 'శరత్' పేరుతో తయారు చేశారు. మీ అబ్బాయికి ఈ సంగతి కూడా చెప్పండి.

ప్రశ్న: రిటైరైన జనరల్స్‌ను గవర్నర్లుగా వేయడం సబబేనా? కృష్ణారావు గారు ఆ పదవిలో ఏం చేశారు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: అందరికీ సబబని నేననను మాస్టారూ. ఆయన విషయంలో మాత్రం అది విశ్రాంతి పదవి కాదు. 1984 నుంచి నాగాలాండ్, మణిపూర్, త్రిపుర. 1989 జులైలో జమ్మూ కాశ్మీర్. సరిగ్గా అక్కడ ఉగ్రవాదపు నిప్పు రాజుకున్న రోజులు. 1990 జనవరిలో వదిలేసి వచ్చారు. 1993లో మళ్లీ అక్కడికే పంపితే, డెబ్బైకి దగ్గరపడిన వయసులో వెళ్లారు.

1995 జనవరి 26న జమ్మూ మౌలానా ఆజాద్ స్టేడియంలో ఆయన గణతంత్ర దినోత్సవ ప్రసంగం చేస్తుండగా బాంబులు పేలాయి. ఎనిమిది మంది చనిపోయారు. ఆయన బతికి బయటపడ్డారు, పదవి వదల్లేదు. మరుసటి ఏడాది శాసనసభ ఎన్నికలు జరిగాయి. 1987 తర్వాత అక్కడ అవే మొదటివి. ఆరేళ్లకు పైగా సాగిన ఢిల్లీ పాలన పోయి, ఎన్నికైన ప్రభుత్వం వచ్చింది. 1998 దాకా ఆయనే గవర్నర్.

మచ్చలు లేవా అంటే, ఉన్నాయి. ఉగ్రవాదులు చొరబడిన శ్రీనగర్ హజ్రత్‌బల్ దర్గాను సైన్యం ముట్టడించి ఉండగా 1993 అక్టోబరులో బిజ్‌బెహారాలో ఊరేగింపు మీద బీఎస్ఎఫ్ (సరిహద్దు భద్రతా దళం) కాల్పులు జరిపితే ఎందరో పౌరులు పోయారు. 1995లో చరార్-ఎ-షరీఫ్ దర్గా కాలిపోయింది. పాలన గవర్నర్ చేతిలో ఉన్నప్పుడు ఆ బాధ్యతలో ఆయనకూ వాటా ఉంటుంది. ఆయన మీద నాకెంత గౌరవం ఉన్నా ఈ మాట దాచను. 2016 జనవరి 30న ఢిల్లీలో, తొంభై రెండేళ్లకు కన్నుమూశారు.

ప్రశ్న: మా పాప ఇంటర్ చదువుతోంది. కృష్ణారావు గారిలా ఆఫీసరవుతానంటోంది. ఆడపిల్లలకు ఎన్‌డీఏలో (నేషనల్ డిఫెన్స్ అకాడమీలో) చోటుందా?
– ఒక తండ్రి, పలాస

జవాబు: ఉంది బాబూ. 2021 నుంచి అమ్మాయిలూ ఆ పరీక్ష రాస్తున్నారు. మొదటి బ్యాచ్ 2025 మేలో శిక్షణ ముగించి బయటికొచ్చింది. కృష్ణారావు గారు ఆ అకాడమీ మొదలైన కొత్తల్లో అక్కడ పాఠాలు చెప్పినవారే.

ఆర్మీకైతే ఇంటర్ ఏ గ్రూపైనా ఫరవాలేదు. ఎయిర్‌ఫోర్సు, నేవీలకు మాత్రం లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి. రాత పరీక్షలో లెక్కల పేపరు అందరికీ తప్పదు. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర లోపు. రాత పరీక్ష గట్టెక్కాక ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు, ఎస్‌ఎస్‌బీ, ఐదు రోజుల ఇంటర్వ్యూ చేస్తుంది. మన పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే, మాట్లాడటానికి జంకి. అందుకే ఇప్పటినుంచే రోజూ పేపరు చదివించి, చదివిన దాని మీద ఇంట్లో అందరి ముందూ మాట్లాడించండి. పొద్దున్నే పరుగు కూడా మొదలు పెట్టించండి.