ఇంటి పక్కన ధాన్యానికి షెడ్డు వేస్తుంటే ముందు నేల సంగతి చూడండి

కొత్త ఇల్లు కట్టుకున్నాం, పక్కనే ధాన్యం బస్తాలకీ సామాన్లకీ షెడ్డు వేయాలి, రేకులా స్లాబా అని అడిగారు కదండీ. మేం 2017లో తెనాలి వైపు మా ఊళ్లో పాత పెంకుటిల్లు తీసేసి కొత్తది కట్టుకున్నాక ఇదే ప్రశ్న మీద ఇంటిల్లిపాదీ నెలరోజులు వాదులాడుకున్నాం. అంత వాదించి, అసలు చూడాల్సిన నేలని వదిలేశాం, దెబ్బ అక్కడే తిన్నాం. అందుకే ముందు నేల గురించే చెప్తాను.

పాత ఇంట్లో ఈ ఇబ్బంది ఉండేది కాదు. దొడ్లో మెరక మీద తాతయ్య గడ్డితాడు చుట్టి ధాన్యపు పురి కట్టేవారు, మినుములు అటక మీద ఉండేవి. కొత్త ఇంట్లో అటక లేదు, గదుల్లో బస్తాలు పెడితే పురుగు పడుతుందని అమ్మ ఒప్పుకోలేదు. సరే అని 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పుతో షెడ్డు మొదలుపెట్టాం. అప్పటికే ఇంటి ఖర్చుతో చేతిలో డబ్బు అయిపోయింది, దాంతో మెరక తోలించకుండా ఉన్న నల్లమట్టి మీదే 4 అంగుళాల కాంక్రీటు పోయించేశాం. మాది రేగడి నేల, వానాకాలం నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండాకాలం చెయ్యి పట్టేంత బీటలిస్తుంది. దాని మీద పల్చటి కాంక్రీటు ఎక్కడ ఆగుతుంది, ఏడాది తిరక్కుండానే నడిమధ్య పగిలింది.

మార్చిలో మినుములు లోపల పేర్చి, రేటు పెరుగుతుందని ఆగాం. సెప్టెంబరులో ఒక రోజు నాన్న అడుగు వరస బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, వెంటనే బయటికి తీసి "లోపల వేడిగా ఉందిరా" అన్నారు. బస్తా దొర్లించి చూస్తే గోనె కిందివైపంతా నల్లమచ్చలు, వేలితో లాగితే పీచు ఊడి వస్తోంది, గింజలు గుప్పెడు గుప్పెడు ముద్ద కట్టి బూజు వాసన. పై వరసలకి ఏమీ కాలేదు, నేలకి ఆనుకున్న 14 బస్తాలు మాత్రం పశువులకి పెట్టడానికి కూడా పనికిరాలేదు. రేకు ఒక్క చుక్క కూడా కారలేదండీ, చెమ్మంతా కిందనుంచే వచ్చింది.

ఆ తర్వాత నేలంతా పగలగొట్టి మళ్లీ చేయించాం. మీరు మొదటే ఇలా చేయించండి. పై నల్లమట్టి తీసేయాలి. బేస్‌మట్టం మీ వాకిలి కంటే కనీసం రెండున్నర అడుగులు ఎత్తు ఉండాలి. లోపల గ్రావెల్ ఒకేసారి నింపేయకుండా అరడుగు చొప్పున పోసి, తడిపి, దిమ్మిస కొట్టించి, మళ్లీ ఇంకో అరడుగు పోయాలి, మేస్త్రి తొందరపెట్టినా ఈ పని దగ్గర మాత్రం నిలబడి చూసుకోండి. దాని మీద రెండంగుళాల ఇసుక, ఇసుక మీద మందపాటి నల్ల పాలిథీన్ షీటు. అంచులు గోడల మీదికి కాస్త మడిచి, ఆపైన కాంక్రీటు. ఆ షీటు ఖర్చు మొత్తం పనిలో ఒక లెక్కలోది కాదు, కింది చెమ్మని ఆపేది అదే.

అప్పుడు కూడా బస్తాలు నేల మీద పెట్టొద్దు. పాత ఇంటి తాటి పట్టెలు దాచిపెట్టాం, అవి పరిచి వాటి మీద బస్తాలు వరసలుగా పేర్చి నెట్టు కడుతున్నాం. గోడకీ నెట్టుకీ మధ్య మనిషి నడిచేంత, రెండడుగుల సందు వదలాలి, లేకపోతే వెనక వరసలో ఏం జరుగుతోందో టార్చి వేసి చూసే దారి ఉండదు. ఎంత మంచి షెడ్డైనా పచ్చి గింజని కాపాడదు. ప్రభుత్వం ధాన్యం 17 శాతం తేమ వరకు కొంటుంది కాబట్టి అది చాలనుకుంటారు చాలామంది, నిల్వకి 14 శాతం లోపు ఉండాలి. మినుములైతే మా నాన్న పంటితో కొరికి చూస్తారు, టక్కున విరిగితేనే లోపలికి.

ఇక మీరడిగిన ప్రశ్న. డబ్బు సర్దుకోగలిగితే స్లాబే వేయండి, పైన మిరపకాయలు, మినుములు ఆరబోసుకోవచ్చు, ఆ ఒక్క కారణం చాలు. మేం రేకులు వేశాం. రేకుల్లో తెలియాల్సిందేమంటే డిసెంబరు, జనవరి మంచుకి తెల్లవారుజామున రేకు లోపలివైపు చెమట పట్టి బస్తాల మీద బొట్టు బొట్టుగా పడుతుంది, గోడ పైభాగంలో ఎదురెదురుగా గాలి కిటికీలు ఉంటే చాలావరకు తగ్గుతుంది. మాకు తుఫాను గాలులు మామూలే కాబట్టి హుక్కులు దగ్గరదగ్గరగా కొట్టించాం, అవి కూడా రేకు గాడిలో కాకుండా గట్టు మీద, రబ్బరు వాషరుతో.

ఎలుకల సంగతి. రేకు వంపులకీ గోడకీ మధ్య సందులుంటాయి, అవన్నీ సిమెంటుతో పూడ్చాలి. కిటికీలకి సన్నకంత ఇనుప జాలీ, తలుపు కింది అడుగు మేర రేకు కొట్టించాలి. బేస్‌మట్టం ఎత్తు కాబట్టి తలుపు దగ్గర మెట్లు కావాలి, కానీ ఎలుకలు ఎక్కకుండా వాటిని గోడకి ఆనించి కట్టలేదు, ఇనుప మెట్టు చేయించి పని అవగానే పక్కకి లాగేస్తున్నాం. అది పెట్టాక లోపల ఎలుక పెంట కనబడలేదు.

షెడ్డుని ఇంటి గోడకి మాత్రం ఆనించొద్దండీ, ఖర్చు కలిసొస్తుందని ఎవరు చెప్పినా వినొద్దు. నిల్వ ధాన్యంలో పురుగుకి చాలామంది అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెడతారు, ఆ విషవాయువు గోడ సందుల్లోంచి పడకగదిలోకి వస్తే నిద్రలోనే ప్రాణాలు పోతాయి. మా ఇంట్లో పిల్లలున్నారు, ఆ బిళ్లలు మా ఆవరణలోకే రానివ్వం. మేం నాన్న పట్టుబట్టినట్టు వాయవ్యం మూల, ఇంటికి దూరంగా కట్టాం, ట్రాక్టరు ట్రక్కు వెనక్కి పెట్టుకోవడానికి కూడా అదే బాగా కుదిరింది. యూరియా, పురుగుమందులకి విడిగా చిన్న గది ఉండాలి, గింజలతో కలిపి పెట్టొద్దు.

కాంక్రీటు అయ్యాక నెలరోజులైనా ఖాళీగా వదిలేయండి. బస్తాలు తెచ్చే ముందు నేల మీద మూడు నాలుగు చోట్ల మూరెడు పాలిథీన్ ముక్కలు పరిచి, నాలుగు అంచులా టేపు అంటించి, ఒక రోజు తర్వాత ఎత్తి చూడండి. కింద చెమ్మ కనిపిస్తే ఇంకా ఆగండి.